కోటరేవులో ఎవరికీ ఆకలి లేదు

కోటరేవులో మనిషిని చంపడానికి కత్తి అక్కర్లేదు, భోజనానికి పిలిస్తే చాలు. విస్తరి మీద రెండు చేతులూ అడ్డం పెట్టి "చాలండి, చాలండి" అంటున్నవాడికి వేళ్ళ సందుల్లోంచి నెయ్యి పోస్తారు. చేతులు తీస్తే అన్నం విస్తట్లో పడుతుంది, తియ్యకపోతే చేతుల మీదే పడుతుంది. అంచేత అక్కడ పుట్టినవాడికి మాటలు రాగానే నేర్పే మర్యాద ఒకటే. ఎవరేం పెడతామన్నా ముందు "వద్దండి, ఇప్పుడే తిన్నానండి" అనాలి. రెండోసారి అడిగితే "అబ్బే" అనాలి. మూడోసారి అడిగితే కూచోవాలి. అడగ్గానే కూచున్నవాడి గురించి వాడి మనవల పెళ్ళిళ్ళలో కూడా చెప్పుకుంటారు.

ఈ సంగతి ఊళ్ళో కుక్కలకి కూడా తెలుసు. నగరపాలక సంస్థకి మాత్రం తెలీదు. తెలీదంటే, అందులో పనిచేసే ప్రతివాడికీ తెలుసు. సంస్థకి తెలీదు.

కాలవగట్టు మలుపులో గంటా వీరవేణికి పెసరట్ల బండి ఉంది. ఇద్దరాడపిల్లల చదువులు, అత్తగారి మందులు, మొగుడి కబుర్లు అన్నీ ఆ పెనం మీదే గడిచాయి. పొద్దున్నే ఆటోలవాళ్ళూ, రైసుమిల్లుకి పోయేవాళ్ళూ, ఆస్పత్రిలో రోగుల పక్కన పడుకుని లేచినవాళ్ళూ అక్కడే తిని పనిలోకి పోతారు. ఆ బండి ఒకరోజు రాకపోతే మిల్లు ఓ గంట ఆలస్యంగా తిరుగుతుంది. ఇది ఎక్కడా రాసిలేదు. రాసి లేనిది ఉన్నట్టు కాదు గదా, గొడవంతా అక్కడే వచ్చింది.

కమిషనర్ గారు ఏదో దేశంలో ఏదో సదస్సుకి వెళ్ళొచ్చారు. నగరంలో జనం ఏం తినాలో, ఎక్కడ తినాలో జనమే చెప్పాలని అక్కడ విన్నారు. మంచి మాటే. మంచి మాట ఆఫీసులోకి వచ్చిందంటే ముందు దానికొక విభాగం పుడుతుంది. "పౌర భాగస్వామ్య ఆహార విధాన విభాగం" పుట్టింది. దానికి ప్రత్యేకాధికారిగా చింతలూరి చక్రధరం గారిని వేశారు. ఆయన కోటరేవులోనే పుట్టి, కోటరేవు నెయ్యే తాగి పెరిగిన మనిషి. కుర్చీలో కూచోగానే అదంతా మర్చిపోయి ఓ రూలు రాశారు. కమిషనర్ గారు దాని కింద సంతకం పెట్టారు.

"సర్వేలో పౌరుణ్ణి ఒక్కసారి మాత్రమే అడగవలెను. రెండవసారి అడగడం పౌరునిపై ఒత్తిడి తేవడమగును. మొదటి జవాబే పౌరుని స్వచ్ఛమైన అభిమతము."

ఓ మధ్యాహ్నం వీరవేణి బండి సర్దుకుని ఇంటికొచ్చి పెసలు నానబోస్తుంటే గుమ్మంలో దొరబాబు నిలబడ్డాడు. పేరు దొరబాబే గాని అవుట్‌సోర్సింగ్ ఉద్యోగి. నలభై దాటిన మనిషి, మెడలో ట్యాబు వేలాడుతోంది, ఆ బరువుకి మెడ ముందుకి వంగిపోయింది.

"అమ్మా, ఆహారం విషయంలో కార్పొరేషన్ నించి మీకేం కావాలండి?"

"మాకేం కావాలి బాబూ, ఏం వద్దు," అంది వీరవేణి. అలవాటు మీద అనేసింది. "ఎండన పడొచ్చేవు. మజ్జిగ తాగుతావా?"

"వద్దండి. ఇప్పుడే తాగేనండి." నోరెండిపోయి మాట సగమే బయటికొచ్చింది.

వీరవేణి చెంబు అందుకుని రెండోసారి అడగబోయింది. దొరబాబు చెయ్యడ్డం పెట్టాడు.

"రెండోసారి అడక్కూడదండి. రూలండి."

"మజ్జిక్కి కూడానా?"

దొరబాబు ఎండిన పెదాలు తడుపుకున్నాడు. "మా సారు అన్ని ప్రశ్నలకీ అన్నారండి," అని ట్యాబులో ఏదో నొక్కి, చెంబు వంక ఓసారి చూసి, పక్కింటికి పోయాడు. పక్కింట్లో ఆకుకూరలమ్మే సన్యాసమ్మ "మా మొహాలకేం కావాలి నాయనా" అంది. ఆ పక్కింట్లో "దేవుడి దయవల్ల అంతా ఉందండి" అన్నారు. ఆ చివరింట్లో నిన్నట్నించీ పొయ్యి వెలిగించని ముసలాయన అరుగు మీంచి లేచి నిలబడి "ఇప్పుడే భోంచేసేనండి, మీరు చేసేరా?" అన్నాడు.

పదిహేను రోజుల తర్వాత వార్డు కమ్యూనిటీ హాల్లో సభ పెట్టి ఫలితాలు చెప్పారు. చక్రధరం గారు మైకు ముందు నిలబడి గొంతు సవరించుకున్నారు.

"సదరు సర్వేలో పౌరుల అభిమతం నిర్ద్వంద్వంగా వెల్లడైంది. కోటరేవు ప్రజలు ఆహారానికి సంబంధించి ఏమీ కోరుకోవడం లేదు. అందరూ ఇప్పుడే తిన్నారు. తద్వారా మన నగరం దేశంలోనే తొట్టతొలి ఆకలి లేని నగరంగా ఆవిర్భవించింది."

జనం చప్పట్లు కొట్టారు. ఎవరైనా ఉపన్యాసం ఆపితే చప్పట్లు కొట్టడం కూడా అక్కడ మర్యాదే.

"ఆకలి లేని చోట ఆహార విక్రయ కేంద్రాలు ప్రజాభిమతానికి విరుద్ధం. కావున కాలవగట్టు మీది బండ్లు, కూరగాయల సంత, ఆస్పత్రి ఎదుట భోజనశాల, వీటన్నిటినీ నిరుపయోగ కేంద్రాలుగా గుర్తించి దశలవారీగా తొలగిస్తాం. మొదటి దశ కాలవగట్టు మలుపు. ఎవరికైనా అభ్యంతరమా?"

ఆ ప్రశ్న కూడా ఒక్కసారే అడిగారు. "అబ్బే" అన్నారు నలుగురు, పెద్దమనిషి అడిగాడు గదా అని.

వీరవేణి లేచి నిలబడింది.

"అదేంటండి చక్రధరం బాబూ, బండి తీసేత్తే మేం బతికేదెలాగండి? మిల్లోళ్ళు తినేదెక్కడండి?"

"వీరవేణమ్మా, సర్వేలో మీరే ఏమీ వద్దన్నారు. ఇదిగో, మీ ఇంటి నంబరు."

"అది మర్యాదకన్నానండి."

"మర్యాద అని ట్యాబులో గడి లేదమ్మా. కావాలి, వద్దు, ఇప్పుడే తిన్నాను. మూడే గడులు."

"మీ ఇంట్లో ఎవరైనా ఒక్కసారడిగితే తింటారాండి? మొన్న మీ మేనల్లుడి పెళ్ళిలో నేనే వడ్డించేను గదా. మీరు బూర్లొద్దని విస్తరెత్తి నెత్తిన పెట్టుకున్నారు. మరి ఎన్ని తిన్నారేంటి?"

హాలంతా నవ్వింది. చక్రధరం గారి చెవులు ఎర్రబడ్డాయి. "వ్యక్తిగత బూరెలు విధాన పరిధిలోకి రావు," అని మైకు కట్టేశారు.

అయినా ఆ మాట కమిషనర్ గారి చెవిన పడింది. ఆయన నిజంగానే చెడ్డమనిషి కాదు. ఓ సలహా సంస్థని పిలిచి మర్యాద గురించి అధ్యయనం చెయ్యమన్నారు. వాళ్ళు నెల్రోజులు ఊళ్ళో ప్రతింట్లో తిని, లావెక్కి, నివేదిక ఇచ్చారు. అందులో ఉన్నది ఇదీ: ఒక వద్దు అంటే వద్దు. రెండు వద్దులు అంటే కొంచెం. మూడు వద్దులు అంటే కావాలి. కాబట్టి మూడుసార్లు అడగాలి. అడిగేది చిన్న ఉద్యోగైతే జనం మనసు విప్పరు, పెద్దవాళ్ళే వెళ్ళి అడగాలి. రూలుకి ఈ ఒక్క సర్వేవరకూ మినహాయింపు ఇచ్చారు.

ఈసారి కమిషనర్ గారే కాలవగట్టుకి బయల్దేరారు. ముందు డప్పు, వెనక జీపు.

వీరవేణి రాత్రి నించీ ఒకటే మాట వల్లిస్తోంది. కావాలి. నాకు బండి కావాలి. పెనం తోముతూ అంది, జడేసుకుంటూ అంది. సన్యాసమ్మకి కూడా నేర్పింది. "సిగ్గుపడకే. కావాలని మొహాన చెప్పెయ్యి."

"అలాగే వదినా. మొహానే చెప్తాను."

తీరా గుమ్మంలో కమిషనర్ గారు చెప్పులు విప్పి, రెండు చేతులూ జోడించి నిలబడ్డారు. చెమటతో చొక్కా ఒంటికి అంటుకుపోయింది. అంత పెద్దమనిషి, తన గుమ్మంలో, ఎండలో.

"వీరవేణమ్మగారూ, మీకేం కావాలమ్మా?"

ఆవిడ నోరు తెరిచింది. లోపల 'కావాలి' సిద్ధంగానే ఉంది. బయటికి వచ్చింది వేరొకటి.

"అయ్యో, మీకెందుకండీ శ్రమ!"

నాలుక కరుచుకుంది. కమిషనర్ గారు రెండోసారి అడిగారు. "మీరు ఎండన పడి రావడమేంటండీ," అంది వీరవేణి, కళ్ళనీళ్ళు తిరుగుతుంటే. మూడోసారి అడిగారు. "ముందు మీరు కూచోండి బాబూ, మజ్జిగ తెస్తాను," అంది. దొరబాబు ట్యాబులో గడి కోసం వెతుక్కుని దొరక్క, ఉన్నది ఉన్నట్టు రాసుకున్నాడు. సన్యాసమ్మా అదే అంది. వీధంతా అదే అంది.

రెండో సర్వే ఫలితం వచ్చింది. అధికారులు శ్రమపడుతున్నారన్నదే కోటరేవు ప్రజల ఏకైక ఆందోళన. ప్రజాభిమతాన్ని గౌరవించి ఆహార విభాగం సిబ్బందికి వారం రోజులు సెలవిచ్చారు. సెలవయ్యాక చక్రధరం గారు ఉత్సాహంగా వచ్చి బండ్లు తీసెయ్యమని ఉత్తర్వు మీద సంతకం పెట్టారు. మళ్ళీ ఒక్కసారే అడిగే రూలు అమల్లోకి వచ్చింది.

"ఎవర్నని ఏం లాభవే," అంది వీరవేణి సన్యాసమ్మతో, అరుగు మీద కూలబడి. "నా నోరే నా బండి తోసేసింది."

"నువ్వు కాబట్టి ఏడుస్తున్నావు వదినా. నేనైతే ఆయనకి కాఫీ కూడా ఇచ్చేను."

ఇంతలో రాజధాని నించి పరిశీలన బృందం వస్తోందని కబురొచ్చింది. ఆకలి లేని నగరానికి బిరుదు ఇస్తారట. సభ ఎక్కడ? కాలవగట్టు మలుపులోనే. సభ అవగానే అందరి ముందూ మొదటి బండి ఎత్తి లారీలో వెయ్యాలి. అది వీరవేణి బండి.

ముందురోజు సాయంత్రం చక్రధరం గారు ఒక్కరే వచ్చారు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు.

"వేణమ్మా, రేపు పెద్దలొస్తున్నారు. ఉత్తి చేతుల్తో పంపితే ఊరి పరువేం కాను? పెసరట్టు, ఉప్మా, అల్లం పచ్చడి నువ్వే చెయ్యాలి. నీ చేతి అట్టు అని కమిషనర్ గారికి కూడా చెప్పేను. ఆయన పొద్దున్నించీ ఏం తినకుండా వస్తానన్నారు."

"ఆకలి లేదన్నారు గదండి ఊళ్ళో."

"అది విధానం. ఇది టిఫిను."

"మరి నా బండి?"

"టిఫిన్లయ్యాకే తీస్తాంలే. అందాకా లారీని ఆగమంటాను. నీకోసం ఆ మాత్రం చెయ్యనా?"

ఆయన వెళ్ళాక సన్యాసమ్మ చేటలో తోటకూర విసిరికొట్టింది. "పెట్టకు వదినా! నాలుగు తిట్టి పంపు!"

వీరవేణి నానిన పెసల్లో చెయ్యి పెట్టి కలిపింది.

"పెట్టకపోడమేంటే. ఇంటికొచ్చినోళ్ళకి పెట్టమా? అడుగుతాను. మంచిగా, నవ్వుతా అడుగుతాను," అని ఆగింది. "ఒక్కసారే అడుగుతాను."

మర్నాడు కాలవగట్టంతా షామియానా. వేదిక మీద కమిషనర్ గారు, బృందం నాయకురాలు, వాళ్ళ పక్కన చక్రధరం గారు. షామియానా వెనక లారీ. బండి మీద పెనం వేడెక్కింది. నూనె చుక్క పడగానే చుయ్యిమంది. అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర వాసన గాలికి వేదిక మీదికి పోయింది. ముందువరసలో ఒక ఇంజనీరు కళ్ళు మూసుకున్నాడు.

వీరవేణి మొదటి ప్లేటు పట్టుకుని వేదికెక్కింది. ఎర్రగా కాలిన అట్టు, కడుపులో ఉప్మా, పక్కన పచ్చడి.

"కమిషనర్ గారూ, పెసరట్టు తింటారాండి?"

"అబ్బే, వద్దమ్మా," అన్నారాయన నవ్వుతూ, ప్లేటుకి చెయ్యడ్డం పెట్టి. "ఇప్పుడే తినొచ్చేను."

"సరేనండి," అంది వీరవేణి.

ప్లేటు పక్కకి వెళ్ళిపోయింది. కమిషనర్ గారి చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

"అమ్మా, మీరండి?"

"నో నో, నాకేం వద్దు," అంది నాయకురాలు, కొంగు సర్దుకుంటూ.

"సరేనండి."

"చక్రధరం బాబూ?"

"నాకెందుకులే వేణమ్మా," అంటూ ఆయన ఓ కన్ను కొట్టారు.

"సరేనండి."

ముందువరసంతా అలాగే గడిచింది. వద్దు, సరేనండి. అబ్బే, సరేనండి. కోటరేవు చరిత్రలో వడ్డించే మనిషి వద్దన్న మాట నమ్మడం అదే మొదటిసారి. సభలో ఆడవాళ్ళు నోట్లో కొంగు కుక్కుకున్నారు. వీరవేణి ప్లేటుతో వెనక్కి పోతూ ఎవరూ తినేవాళ్ళు లేక లారీ డ్రైవర్ దగ్గర ఆగింది. అతను వరంగల్ వైపు మనిషి, ఈ పద్ధతులేం తెలీవు.

"తింటావా బాబూ?"

"గిదేం అడుగుడక్కా, ఆకలైతాంది. రెండెయ్యి!"

వేదిక మీదున్నవాళ్ళు గుటకలు మింగుతూ అతని వంక చూశారు. అతను స్థానికుడు కాదు కాబట్టి లెక్కలోకి రాలేదు. తిన్నవి మాత్రం లెక్కలేదు. తిని, వేళ్ళు నాకి, లారీ చక్రం నీడలో పడుకుని గురక పెట్టాడు.

ఉపన్యాసాలు మొదలయ్యాయి. మూల సిద్ధాంతాలు, సమ్మిళిత దృక్పథం, పౌర కేంద్రక పోషణ. ఒక్కో అట్టు చుయ్యిమన్నప్పుడల్లా ఒక్కో వాక్యం మధ్యలో తెగిపోయింది. పన్నెండయింది. ఒకటిన్నరయింది. కమిషనర్ గారు మైకు దగ్గరికొచ్చి "మన నగరంలో ఆకలి అనేది..." అన్నారు. ఆ మాట దగ్గర ఆయన కడుపు గుర్రుమంది. అది మైకులోంచి కాలవ అవతలి గట్టుదాకా వినబడింది. అవతల గడ్డి మేసే గేదె తలెత్తి చూసింది.

ఆయన మైకు వదిలేసి బండి దగ్గరికి వచ్చేశారు.

"అమ్మా, ఒక అట్టెయ్యి."

"మీరు వద్దన్నారు గదండి. మొదటి జవాబే మనసులో మాటండి. మళ్ళీ అడిగితే ఒత్తిడండి. దొరబాబు రాసేసుకున్నాడు కూడానూ."

"రాసేనండి," అన్నాడు దొరబాబు వెనకనించి. "ఇప్పుడే తిన్నాను అన్న గడండి."

"ఆ రూలు మీద సంతకం నాదేనమ్మా!"

"అందుకేనండి. మీరే తప్పితే ఇంకెవరు పాటిస్తారండి?"

"నేను తినలేదు!" కమిషనర్ గారి గొంతు మైకు లేకుండానే షామియానా దాటింది. "పొద్దున్నించీ ఏమీ తినలేదు! నాకు ఆకలేస్తోంది! మర్యాదకన్నాను!"

"మర్యాదకి గడి లేదండి," అంది వీరవేణి, అట్టు తిరగేస్తూ.

"గడి పెట్టండి! చక్రధరం గారూ, ఇప్పుడే గడి పెట్టండి!"

చక్రధరం గారు ట్యాబు లాక్కుని ఆకలి అని గడి పెట్టారు. ఆయన కళ్ళు మాత్రం పెనం మీదే ఉన్నాయి. దొరబాబు పద్ధతి ప్రకారం అడిగాడు.

"పేరండి?"

"నా పేరు నీకు తెలీదా?"

"ఇంటి నంబరండి?"

"రాయవయ్యా!"

రాశాడు. వీరవేణి అట్టు పెట్టింది. కమిషనర్ గారు నిలబడే తిన్నారు. రెండోది ఎవరూ అడక్కముందే ప్లేటు చాపారు. నాయకురాలు తనకీ ఆకలేస్తోందని గట్టిగా చెప్పబోయి, బయటి మనిషి కాబట్టి గడి వర్తించదని తెలిసి, కమిషనర్ గారి ప్లేటులోంచే ఓ ముక్క తుంచుకుంది.

బిరుదు మాత్రం ఆగలేదు. అచ్చయిపోయిన కాగితం మీద పెన్నుతో సవరించి "ఒక్కరు మినహా ఆకలి లేని నగరం" అని ఇచ్చారు. ఇక విధానం ప్రకారం ఒక ఆకలి ఉన్న చోట ఒక కేంద్రం ఉండాలి గదా. చక్రధరం గారే ఉత్తర్వు రాశారు. కాలవగట్టు మలుపులో ఒక పెసరట్ల బండి, కమిషనర్ గారి ఆకలి నిమిత్తం అనుమతించడమైనది. డ్రైవర్ నిద్ర లేచి లారీ ఖాళీగానే తోలుకుపోయాడు.

మర్నాటి నించీ బండి దగ్గర దొరబాబు డ్యూటీ. ట్యాబు పట్టుకుని ప్రతివాణ్ణీ అడగాలి.

"ఎవరి ఆకలండి?"

"కమిషనర్ గారిదండి," అంటాడు ఆటోవాడు, అట్టు నోట్లో పెట్టుకుంటూ.

"ఎవరి ఆకలండి?"

"ఆయనదేనయ్యా, రెండు కట్టు."

మిల్లువాళ్ళూ, ఆస్పత్రివాళ్ళూ, చివరింటి ముసలాయనా, అందరూ కమిషనర్ గారి ఆకలే తిన్నారు. లెక్కల్లో ఆయన తిండి చూసి ఆరోగ్య విభాగంవాళ్ళు హడలిపోయి ఆయన బరువు చూడ్డానికి రోజూ ఒక నర్సుని పంపించడం మొదలెట్టారు. బండి నిలబడింది. కాని ఆ జవాబు విన్నప్పుడల్లా వీరవేణికి ఒళ్ళు మండేది. తినేది వీళ్ళు, పెట్టేది తను, ఆకలి మాత్రం ఆయనది!

ఓ రోజు పొద్దెక్కి జనం పల్చబడ్డాక ఆవిడ దొరబాబు వంక చూసింది. నెలలుగా బండి పక్కనే నిలబడుతున్నాడు. ఎప్పుడడిగినా ఇప్పుడే తిన్నానంటాడు. డ్యూటీలో రెండోసారి అడగనివ్వడు. మెడ ఇంకా వంగిపోయింది.

"తింటావా దొరబాబూ?"

అతను అలవాటుగా నోరు తెరిచాడు. పెనం మీద అట్టు అంచులు పైకి లేస్తున్నాయి. నోరు మూశాడు. మళ్ళీ తెరిచాడు.

"తింటానండి."

వీరవేణి చేతిలో అట్లకాడ ఆగిపోయింది. వరసలో ఉన్న సన్యాసమ్మ నోరెళ్ళబెట్టింది. ఆ ఊళ్ళో, మొదటిసారి అడిగితే, తింటానన్నాడు.

"ఎవరి ఆకలని రాస్తావయ్యా?" అంది వీరవేణి.

దొరబాబు ట్యాబు వంక చూశాడు. "నాదేనండి," అని తన పేరు తనే కొట్టి, ట్యాబు మెడలోంచి తీసి బండి మీద పెట్టి, ప్లేటు అందుకున్నాడు.

"అయితే నాదీ రాయి," అంది సన్యాసమ్మ, సిగ్గుతో మొహం పక్కకి తిప్పుకుని. "సన్యాసమ్మ. కాలవగట్టు. పొద్దున్నించీ ఏం తినలేదు. రాయి, పర్లేదు, రాయి."

ఆ పూట కార్పొరేషన్ ఆఫీసులో ఎర్ర లైటు వెలిగింది. నగరంలో ఆకలి ఒక్క గంటలో మూడింతలైంది. చక్రధరం గారు ఉన్నపళాన అత్యవసర సమావేశం పెట్టించారు. కారణాలు అన్వేషించాలి, బాధ్యుల్ని గుర్తించాలి, వ్యాప్తిని అరికట్టాలి.

సమావేశానికి టిఫిన్లు వీరవేణి బండి నించే వెళ్ళాయి. ఆవిడే తీసుకెళ్ళి, గుమ్మంలో నిలబడి, ఒక్కసారే అడిగింది.

ఎవరూ వద్దనలేదు.